పెద్దబాపు టోపీలు, తాత రుమాలు

మొన్న ఆదివారం మా మనవడు ఎవడో చచ్చిపోయిన దొర టోపీ నెత్తిన పెట్టుకొని ఆరాధనకు బయలుదేరాడు. బూడిద రంగు ఉన్ని టోపీ. చుట్టూ నల్ల పట్టీ, ముందు వైపు రెండు వేళ్లతో నొక్కినట్టు సొట్ట. పాతవి ఏరి ఏరి కొంటున్నాడట. ఇలాంటివి అల్మారా నిండా ఉన్నాయట.

"వింటేజ్ అమ్మమ్మా ఇది. ఇప్పుడు ఇట్లాంటివి చేసేటోళ్లే లేరు" అన్నాడు.

"ఎవని నెత్తిదిరా?"

"తెల్వది. గదే కదా మజా."

తీసుకొని లోపలి తోలు పట్టీ దగ్గర వాసన చూశాను. పాత నూనె, పాత చెమట, నాఫ్తలీన్ గోళీలు. ఈ వాసన నాకు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తెలుసు. తిరిగిచ్చేశాను. వాడు చర్చి గేటు దగ్గర ఫోటో దిగి, లోపలికి వచ్చేటప్పుడు దాన్ని తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ప్రసంగమంతా దాని అంచు సవరిస్తూనే ఉన్నాడు. వాక్యం ఎటు వచ్చిందో, ఎటు పోయిందో ఆ దేవునికే తెలియాలి.

టోపీలు పోగేసే మగవాళ్ల మీద నాకు గౌరవం లేదు. వయసు మీద పడితే మనసు మెత్తబడుతుందంటారు. ఈ ఒక్క విషయంలో నాది మెత్తబడలేదు, మెత్తబరచమని నేను ప్రార్థించనూ లేదు. దానికి కారణం మా పెద్దబాపు.

మాది గోదావరి ఒడ్డున, మంచిర్యాలకు నడిచి పోగలిగినంత దూరంలో ఉన్న ఊరు. నైజాం రాజ్యం పోయి అప్పటికి కొన్నేళ్లే. గాలి ముందు ఊరిని తాకి ఆ తర్వాత మమ్మల్ని తాకే వైపున ఉండేది మా వాడ. వాడలో సగం ఇళ్లు ప్రభువును నమ్ముకున్నాయి. మట్టిగోడలు లేపి, తాటికమ్మలు కప్పుకున్న ఒక ప్రార్థన గది ఉండేది. పేడతో అలికిన నేల మీద ఆడవాళ్లం ఒక వైపు, మగవాళ్లు ఒక వైపు కూర్చునేవాళ్లం. వాన కురిస్తే తడిసిన కమ్మల వాసన, ఎండ కాస్తే పేడ వాసన. నాకు పరలోకం అంటే ఇప్పటికీ ముందు ఆ రెండు వాసనలే గుర్తొస్తాయి.

మా బాపు, అంటే నాన్న, బెల్లంపల్లి బొగ్గు బావిలో పని చేసేవాడు, వీలైనప్పుడు వచ్చిపోయేవాడు. ఇంట్లో తాత, తాత పెద్దకొడుకైన పెద్దబాపు, ఆయన భార్య పెద్దవ్వ, మేం అవ్వ అని పిలిచే మా అమ్మ, నేను ఉండేవాళ్లం. పెద్దబాపుకు పిల్లలు లేరు. టోపీలు ఉన్నాయి.

ఆయన చిన్నప్పుడు మిషను బడిలో చదువుకొని, అదే మిషను బంగళాలో గుమాస్తాగా చేరాడు. బంగళాలో ఉన్న తెల్లవాళ్లు తమ దేశానికి పోతూ పోతూ సామాన్లు పంచారు. కొందరు కుర్చీలు తెచ్చుకున్నారు, కొందరు గిన్నెలు తెచ్చుకున్నారు. పెద్దబాపు ఒక గోధుమ రంగు ఉన్ని టోపీ తెచ్చుకున్నాడు. ఆ సంవత్సరమే ఆయన్ని మా ప్రార్థన గదికి సంఘపెద్దను చేశారు. టోపీ వల్లనే చేశారని ఆయన నమ్మకం. ఇక ఆగలేదు. బొగ్గు బావుల తెల్ల ఇంజనీరు పోతుంటే ఆయన వంటవాడిని పట్టుకొని బూడిద రంగుది సంపాదించాడు. హైదరాబాదులో పాత సామాన్ల బజారుకు పోయి, బోర్లించిన గిన్నెలా గట్టిగా ఉండే నల్లది తెచ్చాడు. పట్టీలో ఈక గుచ్చిన పచ్చది ఒకటి ఉండేది. ఆ ఈక రాలిపోతే మా పుంజు తోక నుంచి ఒకటి పీకి గుచ్చాడు.

అవన్నీ నడిమింట్లో గోడకు కొట్టిన చిలక్కొయ్యలకు వేలాడేవి. ఆ గోడకే వేలాడిన చెర్నకోల, తాత గొంగడి ఎప్పుడో పశువుల కొట్టంలోకి పోయాయి. చావుకు నల్లది, తహసీల్ కచేరీకి బూడిదది, ఆదివారం గోధుమది. ఇంటికి ఎవరొచ్చినా ఒక టోపీ తిరగేసి, లోపలి తోలు మీద బంగారు అక్షరాలతో ఉన్న ఇంగ్లీషు దుకాణం పేరును వాక్యం చదివినంత భక్తిగా చదివి వినిపించేవాడు. వాళ్లు మంచినీళ్లు అడుగుదామని వచ్చినవాళ్లు.

టోపీ వంకర పోతే ఆవిరి పట్టాలట. పెద్దవ్వ జొన్నరవ్వతో గటుక వండే వేళకు సరిగ్గా వంటింట్లోకి వచ్చి, ఉడికే కుండ మీద టోపీ పట్టుకొని నిలబడేవాడు. మేం తిన్న జొన్నగటుకలో తడిసిన ఉన్ని వాసన, ఎవడో తెల్లవాడి తలనూనె వాసన వచ్చేది. పురుగు పట్టకుండా వేపాకు, గోళీలు పెట్టేవాడు. చిమ్మెట కొట్టే చోట ధనం కూర్చుకోవద్దని ప్రభువు చెప్పిన మాట మీద ఒక ఆదివారం చాలాసేపు ప్రసంగించాడు. మధ్యలో చెమట తుడుచుకుందామని జేబులోంచి గుడ్డ లాగితే నాఫ్తలీన్ గోళీలు రాలి నేల మీద దొర్లాయి. మగవాళ్ల వైపు నుంచి ఆడవాళ్ల వైపుకు ఒకటి దొర్లుకుంటూ వచ్చింది. మా అవ్వ దాన్ని కాలివేలితో ఆపింది, కళ్లు మాత్రం తెరవలేదు.

తెల్లవాళ్ల తలలు పెద్దవి. ఆ టోపీలు పెద్దబాపు చెవుల దాకా దిగేవి. అందుకని లోపల కాగితాలు మడిచి కూరేవాడు. ఏం కాగితాలు? సంతలో పంచమని మిషను వాళ్లు ఇచ్చిన రక్షణ కరపత్రాలు. పాపులకు చేరవలసిన సువార్త ఆయన నెత్తి మీద చెమటకు నానుతూ ఉండేది. ఒక సంతరోజు పొద్దున్నే నేను ఆ కాగితాలన్నీ లాగేసి, తీసుకుపోయి దారిలో కనపడిన వాళ్లందరికీ పంచాను. దానికి నేనిప్పటికీ సంతోషిస్తున్నాను. పెద్దబాపు మంచిర్యాల సంతలో చాయ్ దుకాణం దగ్గర వంగేసరికి టోపీ ముక్కు దాకా దిగిపోయింది. దుకాణం సాయిబు టోపీ మీద వేలితో తట్టాడట. "సలాం సాబ్, లోపల ఉన్నరా? చాయ్ పైకెల్లి పొయ్యాల్నా, కిందికెల్లి ఇయ్యాల్నా?"

పెద్దవ్వ మాటలతో పోట్లాడే మనిషి కాదు. ఒక చలికాలం కోడి పొదుగుకు కూర్చునే వేళకు చూస్తే గంపను ఎలుకలు కొరికేశాయి. ఆమె లేచి గోడకున్న నల్ల టోపీ దించి, గడ్డి పరిచి, గుడ్లు పెట్టి, కోడిని కూర్చోబెట్టింది. సాయంత్రం పెద్దబాపు వచ్చాడు.

"ఏందే ఇది?"

"కోడి."

"కోడి కింద ఏందే?"

"గుడ్లు."

"గుడ్ల కింద?"

"నీ గిన్నె టోపీ. మెత్తగున్నది, వెచ్చగున్నది. లేపకు, గుడ్లు మురుగుతయి."

"గది ఎంత పెద్దమనిషి పెట్టుకున్నదో నీకు తెల్సా?"

"నాకు తెల్వది. కోడికి గూడ తెల్వది."

పిల్లలు బయటికి వచ్చేదాకా ఆయన రోజూ ఆ మూలకు పోయి చూసి, నిట్టూర్చి వచ్చేవాడు. కోడి ముక్కుతో పొడవబోయేది. ఆ టోపీ తన బతుకులో చేసిన మంచిపని అదొక్కటే అని నా అభిప్రాయం. చివరికి ఆయన పోయాక మిగతావన్నీ పురుగు పట్టి, పట్టుకుంటే పొడిపొడిగా రాలాయి. ఒక్క దాని కోసమూ ఎవరి కంటా నీళ్లు రాలేదు.

ఇంతవరకే అయితే నవ్వి ఊరుకునేదాన్ని. తాత సంగతి ఉంది కాబట్టి ఊరుకోలేను.

తలపాగాను మావైపు రుమాలంటారు. తాతది ఎర్ర రుమాలు, చాలా పొడుగుది. ఉతికి ఉతికి ఇటుక రంగుకు వచ్చింది. దాని మడతల్లో ఒక చుట్ట, చెకుముకి రాయి, నాకోసం నాలుగు ఇప్పపూలో, ఒక బెల్లం ముక్కో ఉండేవి. తాత మా ఊరి భూములన్నీ ఏలిన దొరకు వెట్టి చేసిన మనిషి. దొర బండి కదిలితే దాని ముందు పరుగెత్తాలి. దొర ఉండే గడి ముందు నుంచి మా వాడ మగవాడు పోవాలంటే రుమాలు విప్పి చంకలో పెట్టుకోవాలి, చెప్పులు చేత పట్టుకోవాలి. అది రివాజు. ఒక ఎండాకాలం తాత జ్వరంతో ఒళ్లు తెలియక రుమాలుతోనే గడి దాటాడు. పట్టుకొచ్చి, రుమాలు ఊడబెరికి, ఉత్త నెత్తితో పొద్దుగూకేదాకా ఎండలో నిలబెట్టారు. నెత్తి మీద తోలు పొక్కి ఊడింది. ఆ చోట్ల మళ్లీ వెంట్రుక మొలవలేదు.

తర్వాత రోజులు మారాయి, దొర హైదరాబాదు పారిపోయాడు. తెల్లారి తాత రుమాలు బిగించి కట్టి, మూసిన గడి తలుపుల ముందు అటూ ఇటూ పొద్దుగూకేదాకా తిరిగాడట. అన్నానికి పిలిచినా రాలేదట. చీకటి పడ్డాక ఇంటికి వచ్చి, "ఇగ ఏ మనిషి ముందట దీన్ని ఇప్పను" అన్నాడట. నేను ఎరిగిన తరువాత ఆయన తల ఎవరికీ కనపడలేదు. పడుకునేటప్పుడు కూడా గొంగడి నెత్తి మీదికి లాక్కొనేవాడు.

మా నాయనమ్మ ముందే నమ్ముకుంది. బాప్తిస్మం తీసుకుంది. పోయాక విశ్వాసుల భూమిలో, ఏటికి వెళ్లే దారి పక్కన ఆమెను పెట్టారు. తాత చాలాకాలం నమ్మలేదు. ఒక వానాకాలం మా అవ్వ కట్టెల పొయ్యి ముందు నాకు ప్రభువు శిష్యుల కాళ్లు కడిగిన సంగతి చెబుతుంటే, అరుగు మీద చుట్ట కాలుస్తున్న తాత విన్నాడు.

"ఏమంటివి కోడలా? ఎవరు ఎవరి కాళ్లు కడిగిండు?"

"ప్రభువు. తన కింద ఉన్నోళ్ల కాళ్లు కడిగిండు మామా."

తాత చుట్ట ఆర్పేశాడు. మా వైపు తిరిగాడు. "దొర కాళ్లు నేను మస్తుగ కడిగిన. నా కాళ్లు కడిగే దొర ఉన్నడంటే, గాయన్ను ఒక్కపారి చూడాలె."

ఆ వారమే కల్లు మానేశాడు. తాటివనాల మధ్య పుట్టి పెరిగిన మనిషి కల్లు మానడమంటే ఏమిటో మావైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ ఆదివారం తెల్లధోవతి కట్టుకొని, రుమాలు కొత్తగా చుట్టుకొని ప్రార్థన గదికి వచ్చాడు. గడప దగ్గర గోధుమ రంగు టోపీతో పెద్దబాపు నిలబడి ఉన్నాడు.

ప్రతి ఆదివారం అదే వరస. మగవాళ్లు ఒక్కొక్కరు వచ్చి, ఆయన ముందు ఆగి, రుమాలు విప్పి, లోపలికి పోవాలి. అందరూ పోయాక ఆయన చివరన వచ్చి, టోపీని మెల్లగా తీసి, ప్రసంగం బల్ల వెనక మేకుకు తగిలించేవాడు. దేవుని వాక్యం చదువుతుంటే మా కళ్ల ముందు ఆ టోపీ ఉండేది. నేను గడపకు ఇవతలే కూర్చున్నాను, అంతా విన్నాను.

"రుమాలు తీసి రా బాపూ" అన్నాడు పెద్దబాపు.

"ఎందుకు కొడుకా?"

"లోపల దేవుని సన్నిధి. మగోడు నెత్తి కప్పుకొని ప్రార్థన చేయొద్దని వాక్యం."

"మంచిదే. లోపలికి పోయి, కూసోని, కండ్లు మూసుకొని దేవుని ముందట తీస్త."

"గట్ల కాదు. గీ గడప కాడనే తీయాలె. అందరు తీసినట్టు నా ముందట తీయాలె."

తాత పైకి చూశాడు. "మరి నీ నెత్తి మీద ఏందున్నది కొడుకా?"

"ఇది టోపీ."

"నెత్తి మీదనే ఉన్నది గద?"

"ఇది రుమాలు కాదు. దొరలు పెట్టేది. దీని లెక్క వేరే. నేను లోపలికి పోయినంక తీస్త."

"ఆఁ" అన్నాడు తాత. "దొర లోపలికి పోయినంక తీస్తడు, మనం గడప బయటనే తీయాలె. ఈ రివాజు నాకు ఎరుకనే బిడ్డా. నువ్వు పుట్టకముందు నుంచి ఎరుక."

అని తిరిగిపోయాడు. ఇంటికి పోలేదు. గోడ చుట్టూ తిరిగి, కిటికీ కింద బయట నేల మీద కూర్చున్నాడు. ఆ ఆదివారం నుంచి అదే ఆయన చోటు. వానకు గొంగడి కప్పుకొని, ఎండకు గోడ నీడకు జరిగి, ప్రసంగం అయ్యేదాకా కూర్చునేవాడు. పాట వస్తే బయటి నుంచి ఒక ముసలి గొంతు అర చరణం వెనకగా వచ్చేది.

పెద్దబాపు చదువుకున్న వాక్యం నేనూ చదువుకున్నాను. తల తెరవమన్నది దేవుని ఎదుట. ఏ సంఘపెద్ద ఎదుటా కాదు. ఆయన తప్పు చిన్నది కాదు. టోపీ మనిషి తల మీద ఉండదనీ, తల కంటే పైన ఎక్కడో దొరల లోకంలో ఉంటుందనీ ఆయన నిజంగా నమ్మాడు. టోపీ ఇచ్చిన తెల్లవాళ్లే ప్రార్థన గది ఆవరణలోకి అడుగు పెట్టగానే దాన్ని తీసి చంకలో పెట్టుకునేవాళ్లని మా అవ్వ చెప్పేది. టోపీ తెచ్చుకున్నవాడు ఆ చిన్న మర్యాద తెచ్చుకోలేదు. అంగీ చెంగులు వెడల్పు చేసుకొని సంతవీథుల్లో వందనాలు కోరేవాళ్ల మీద ప్రభువు పలికిన కఠినమైన మాటలు చదివినప్పుడల్లా నాకు ఒక గోధుమ రంగు టోపీయే కనపడుతుంది.

ఆ చలికాలం తాతకు దగ్గు పట్టుకుంది. దగ్గితే గుడ్డకు ఎర్రగా అంటేది. ఏటా ఎండలు ముదిరి గోదావరి ఒక పాయగా సన్నబడ్డప్పుడు పాస్టరు అయ్యగారు వచ్చి బాప్తిస్మాలు ఇచ్చేవాడు. వచ్చే ఏడాదికి తాను ఉండనని తాతకు తెలుసు. నన్ను ఏటి దారి దాకా తీసుకుపోయి, నాయనమ్మను పెట్టిన చోటు చూపించి, "గీ పక్క జాగ నాదే పిల్లా. నీళ్లల్ల మునగందే ఇయ్యరట" అని నవ్వేవాడు. నవ్వుతూ దగ్గేవాడు.

మునగాలంటే మా సంఘంలో ఒక పద్ధతి ఉండేది. ఒడ్డు మీద సంఘపెద్ద నిలబడి, ఈ మనిషి విగ్రహాలు విడిచాడు, తాగుడు విడిచాడు, విశ్వాసిగా నడుస్తున్నాడు అని ఒక్కొక్కరికీ సాక్ష్యం చెప్పాలి. చెబితేనే అయ్యగారు ముంచుతాడు. పెద్దబాపు తన తండ్రికి సాక్ష్యం చెప్పనన్నాడు.

"మీ బాపుకు కూడా చెప్పవా?" అంది పెద్దవ్వ, ఆయన గటుకలో సల్ల పోస్తూ.

"బాపు అని సడలిస్తే రేపు సంఘం ఊకుంటదా? లోబడుడు నేర్చుకోవాలె. గర్వం పనికిరాదు."

"గర్వం గోడకు యాలాడుతున్నది సూడు" అంది పెద్దవ్వ. సల్ల ముంత అక్కడే పెట్టి లేచిపోయింది.

తండ్రిని సన్మానించమనే ఆజ్ఞ ఆయనకు తెలుగులోనూ వచ్చు, ఇంగ్లీషులోనూ వచ్చు.

బాప్తిస్మం రోజు చీకటితోనే బయలుదేరాం. గటుక కుండలు, మామిడికాయ తొక్కు, సల్ల ముంతలు నెత్తిన పెట్టుకొని ఆడవాళ్లు ముందు. ఏటి ఇసుక మీద కర్బూజ తీగలు పాకి ఉన్నాయి, ఆ పండ్ల తియ్యని వాసన నీటి వాసనతో కలిసి వచ్చేది. అయ్యగారు సన్నటి నల్లటి మనిషి, మన తెలుగాయనే. ధోవతి ఎగగట్టి, ఉత్త నెత్తితో నడుం లోతు నీళ్లలో నిలబడ్డాడు. పెద్దబాపు బూడిద రంగు టోపీతో ఒడ్డు మీద నిలబడి ఒక్కొక్కరికీ సాక్ష్యం చెబుతున్నాడు. మునిగి లేచిన ప్రతి మనిషికీ పాట. ఎండ ఎక్కింది.

"ఇంకెవరన్న ఉన్నరా పెద్దా?" అని అడిగాడు అయ్యగారు.

"అయిపోయిండ్రు అయ్యగారూ. ముగింపు ప్రార్థన చేయుండ్రి."

"ఒక్కడున్నడు" అంటూ తాత ఇసుక దిగి నీళ్లలోకి నడిచాడు. నెత్తిన రుమాలు అట్లాగే ఉంది.

"ఎవరు తాతా నువ్వు?"

"గా టోపీ దొర లేడా, గాయన తండ్రిని."

కుర్రవాళ్లు నవ్వారు. అయ్యగారు నవ్వలేదు. "పెద్దా, ఈయన సంగతేంది? సాక్ష్యం చెప్తవా?"

"చెప్ప. గర్వం ఇడువలే. రుమాలు తీయుమంటే తీయలే."

"నిజమేనా తాతా?"

"నిజమే. మనిషి ముందట తీయ అన్న. దేవుని ముందట తీయ అనలే."

అయ్యగారు ఒడ్డు వైపు తిరిగాడు. "పెద్దా, పొద్దటి నుంచి మనం ప్రార్థనలనే ఉన్నం గద. మరి నీ నెత్తి?"

అప్పుడు అందరూ చూశారు. అప్పటిదాకా ఎవరికీ తోచలేదు. మా కళ్లు దానికి అంతగా అలవాటు పడిపోయాయి.

"ఎండ గొడుతున్నది అయ్యగారూ. ఇది ఏరు గద, గుడి కాదు."

"ఏటి నీళ్లల్లనే గద ప్రభువు మునిగింది? నా నెత్తికి ఎండ లేదా?"

పెద్దబాపు చెయ్యి టోపీ అంచు దాకా పోయింది. తీస్తాడనుకున్నాను. ఆ క్షణంలో ఆయన కోసం ప్రార్థించాను కూడా. ఆయన దాన్ని ఇంకొంచెం కిందికి నొక్కుకున్నాడు. నా చిన్న గుండెలో ఆయనకు మిగిలిన కాస్త చోటు అప్పుడే పోయింది.

"వేరే ఎవరన్న చెప్తరా సాక్ష్యం?" అన్నాడు అయ్యగారు.

మగవాళ్లు ఇసుక వైపు చూశారు. సంఘపెద్దను కాదని ఎవరు నోరు తెరుస్తారు? అప్పుడు పెద్దవ్వ గటుక కుండ పక్క నుంచి లేచింది. కొంగు తలపైకి లాక్కొని నీటి అంచు దాకా వచ్చింది.

"నేను చెప్త."

"ఆడిది సాక్ష్యం చెప్పుడేందే? సప్పుడు జేయకు!" అని అరిచాడు పెద్దబాపు.

"సమాధి ఖాళీగున్నదని మొదలు చూసి చెప్పిందెవరు పెద్దా?" అన్నాడు అయ్యగారు. "చెప్పవ్వా."

పెద్దవ్వ అందరికీ వినపడేట్టు చెప్పింది. "కల్లు ముట్టలే. అబద్ధమాడలే. వానకు తడిసి, ఎండకు ఎండి, కిటికీ కింద కూసుండి విన్నడు. మా ఇంట్ల ఒకరు లోపల కూసుండి విననిది, ఈయన బయట కూసుండి విన్నడు. ఇంతకన్న నాకు తెల్వదు."

"చాలు."

తాత చెయ్యి రుమాలు ముడి మీదికి పోయింది. అయ్యగారు ఆ చెయ్యి పట్టుకొని ఆపాడు. "ఉండనీ తాతా. నువ్వు తీయకు, నేను తీయ. తీసుకునేటాయన ఉంటే ఆయననే తీసుకుంటడు."

తండ్రి పేర, కుమారుని పేర, పరిశుద్ధాత్మ పేర ముంచాడు. గోదావరి పాయ సన్నబడ్డా, లోపల వడి తగ్గదు. తాత మునిగిన చోట నీళ్ల మీద ముందు ఒక ఎర్రటి కొస తేలింది. తర్వాత మూరెడు, తర్వాత బారెడు. మడత మీద మడత విప్పుకుంటూ, ఒక ఎర్రటి దారి లాగా రుమాలు దిగువకు సాగింది. అందులోంచి చుట్ట ఒకటి తేలి పోయింది, చెకుముకి రాయి మునిగిపోయింది. మా అవ్వ చీరతోనే నీళ్లలోకి ఉరికి కొస పట్టుకుంది. తాత లేచాడు. ఉత్త నెత్తి. అక్కడక్కడ నాలుగు తెల్ల వెంట్రుకలు, మధ్యలో మెరుస్తున్న పాత మచ్చలు. ఒడ్డు మీద ఎవరూ పాట ఎత్తుకోలేదు. ఎత్తుకోవడం మర్చిపోయారు. చివరికి నీళ్లలోంచి తాతే ఎత్తుకున్నాడు. ఆ రోజు వెనకబడింది మేము.

తాత తర్వాతి వానలు దాటలేదు. కోరుకున్న చోటే, నాయనమ్మ పక్కన పడుకున్నాడు. ఆ తర్వాత ఈ కళ్లతో ఎన్నో బాప్తిస్మాలు చూశాను, పెద్ద పెద్ద సభల్లో కూర్చున్నాను, గొప్ప ప్రసంగికులను విన్నాను. నా విశ్వాసం ఎక్కడ నిలబడి ఉందని ఎవరైనా అడిగితే మాత్రం నేను ఆ ఇసుక మీదికే పోతాను.

ఆ రోజు పెద్దవ్వ రుమాలు పిండి, ఇసుక మీద పొడుగ్గా పరిచి, ఎగిరిపోకుండా రాళ్లు పెట్టింది. అందరం దాని చుట్టూ కూర్చొని గటుక తిన్నాం. పెద్దబాపు దూరంగా, తన టోపీ కింద ఒక్కడే నిలబడ్డాడు. ఎవరూ పిలవలేదు. ఏటి మీది నుంచి గాలి లేచింది. అయ్యగారు రుమాలు తడిమి చూసి, "ఆరింది తాతా, కట్టుకో. ఎండ బాగున్నది" అన్నాడు.

తాత కళ్లు మూసుకొని ముఖం పైకెత్తాడు.

"ఆగు బిడ్డా. జర గాలి తగలనీ. ఇన్నేండ్లు ఈ ఉత్త నెత్తికి భయమే తగిలింది."